వదిలేసిన గాంధారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. అమ్మా నేనూ కులాసా. నువ్వు కూడా బాగున్నావని నీ రాత చూస్తేనే తెలుస్తోంది; ఈసారి అక్షరాలు వరసలో నిలబడ్డాయి.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. అమ్మ కంటి కట్టు విప్పారు. మనిషి ఆకారం తెలుస్తోంది, అక్షరం మాత్రం కనిపించదు. చుక్కలు వేయబోతే డాక్టరునే గదమాయిస్తోంది. కుట్టు షెడ్డులో నాకు కొత్త మిషను ఇచ్చారు. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. "ఈమధ్య ఇంకేమైనా ఊదితే పంపు అక్కా" అని చివర రాశావు. దేనికో రాయలేదు. దాని సంగతి నేనూ చివరికే రాస్తాను.

పోయిన గురువారం షెడ్డు రేడియోలో నీ పేరు చెప్పారు. మేస్త్రీ మిషన్లన్నీ ఆపించాడు. నువ్వు వేణువు ఎత్తుకోగానే అది నా బాణీ అని గుర్తుపట్టాను. అమ్మ పొద్దున్నే మంచం దిగకముందు దేవుడితో అనుకునే మూడు ముక్కలున్నాయి కదా. "ఇచ్చింది తీసుకుంటాను. తీసుకెళ్లింది అడగను. మిగిలిన పనేదో చెప్పు." నాన్న పోయాక రెండో ముక్క దగ్గర ఆమె గొంతు ఆగిపోయేది. ఆ ఆగిపోవడాన్ని వేణువు మీదికి తేవడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. వాద్యబృందంలోకి నిన్ను తీసుకోలేదని, నువ్వు అన్నం మానేశావని తెలిసి, రికార్డు చేసి పంపాను. నువ్వొక్కడివే వినమన్నాను.

"గాంధారం ఎక్కడా పలికించలేదేమండీ?" అని అడిగింది రేడియో అమ్మాయి.

"నేను దీన్ని అంగీకారం మీద కట్టానండీ. అంగీకారమంటే ఏదో ఒకటి వదులుకోవడమే కదా. అందుకే ఒక స్వరాన్ని వదులుకున్నాను" అన్నావు.

నేనేమీ వదులుకోలేదురా. చిన్నప్పుడు సైకిలు చైను ఎక్కించడానికి నువ్వు నా వేణువును దూర్చావు, గుర్తుందా? ఒక రంధ్రం అంచు పగిలింది. నా చేతిలోంచి జారి పడిందని అమ్మతో చెప్పాను. అప్పటినుంచి దానిమీద గాంధారం అపశ్రుతే. అందుకని దాన్ని తప్పించుకుంటూ దారి వెతుక్కున్నాను. నీ వేణువు కొత్తది, అన్నీ శుభ్రంగా పలుకుతాయి. నా పగులును కూడా వదలకుండా పట్టుకెళ్లావు.

మిషన్లు మళ్లీ మొదలయ్యాక బొత్తాలు కుట్టే ఆవిడ నా భుజం తట్టింది. "ఏమ్మా, దారం లేకుండానే కుడుతున్నావు! తమ్ముడు గొప్పోడయ్యాడని ఒళ్లు తెలియట్లేదా?" చూసుకుంటే రెండు కాలర్ల నిండా సూది చిల్లులే. "మరి మాకు టీ అయినా పోయించవా?" అంది. పోయించాను.

ఇంతవరకు రాయడానికి చెయ్యి రాని మాట ఒకటుంది. ఆదివారం ఆ కార్యక్రమం మళ్లీ వేశారు. అమ్మ వింది.

"ఇది నువ్వు ఊదుకునేదే కదే?" అంది.

"కాదమ్మా, వాడు కట్టిందే. నేను సాధన చేసేదాన్ని."

"అయితే వాడు నా మాటలు వింటూ ఉండేవాడన్నమాట" అని కళ్లు తుడుచుకోబోయింది. కంటి మీద చెయ్యి పెట్టకూడదని నేనే పట్టుకుని ఆపాను. నువ్వు తీసుకెళ్లింది సగమే. మిగతా సగం నేనే నా నోటితో ఇచ్చేశాను. ఎందుకలా అన్నానో నాకింకా తెలియదు. నీమీది ప్రేమతో అనుకోకు.

నువ్వడిగినదానికి జవాబు: ఉంది. అమ్మ మూడో ముక్క మీద ఇంకొకటి కట్టాను. పంపను.

వచ్చే ఉత్తరం అమ్మ పేరున రాయి. నీ ఉత్తరాలు ఆమెకు చదివి వినిపించేది నేనే. నీ సిగరెట్లూ, నీ అలకలూ, ఆమె నొచ్చుకునేవన్నీ ఇన్నాళ్లూ దాటేసి చదివాను. రేడియోలో ఊదిన ఆ బాణీ ఎవరు కట్టారో అందులో రాస్తావో మానతావో నీ ఇష్టం. ఈసారి మాత్రం ఏం రాసినా ఒక్క మాట వదలకుండా చదువుతాను.

ఇట్లు,
నీ అక్క