లెక్కల సారు పోస్టు ఖాళీ లేదు

మంగళవారం రాత్రి, కరీంనగర్

ఈ పుట ఎన్నడూ చేరబోని సంబంధిత అధికారుల సముఖమునకు సవినయముగా మనవి చేయునది ఏమనగా:

విద్యారంగానికి చేసిన సేవలకు గాను నేడు మా ఎమ్మెల్యే గారికి సన్మానం జరిగినది. "సారు లేని బడి ఉండరాదు" అని వారు గర్జించిన వాక్యం నేను రాసి ఇచ్చినదే. చప్పట్లు మోగినవి.

వేదిక దిగుతుండగా ఆసిఫాబాద్ అవతలి ఊరి బడి కమిటీ చైర్మన్ లక్ష్మవ్వ అడ్డం వచ్చింది.

"సారూ, మా బడికి లెక్కల సారు లేక పదో తరగతి పిల్లలు ఫెయిలైతున్నరు."

ఎమ్మెల్యే గారు శాలువాలు నా చేతిలో పెట్టి, "గీమె సంగతి జర చూడు" అని కారెక్కారు.

"పోస్టు ఖాళీ లేదవ్వా. కాగితం మీద సారు ఉన్నడు" అన్నాను.

"ఉంటే మాకెందుకు కనవడడు? జీతం తీసుకుంటుండా?"

"తీసుకుంటుండు."

"గాయనకు సిగ్గనిపిస్తలేదా బిడ్డా?"

ఆ ప్రశ్న నా పరిధిలోనిది కాదని శాలువాలు మోసుకొని కారు వైపు నడిచితిని.

సదరు సారు ఆ బడిలో చేరిన రోజే డిప్యుటేషన్ మీద ఎమ్మెల్యే గారి పీఏగా వచ్చి, విద్యపై ఉపన్యాసాలు రాస్తున్నాడు. అనగా నేను. తిరిగి బడికి పోతానంటే, "నువ్వు పోతే చదువు గురించి నాకెవరు రాస్తరయ్యా?" అంటారు.

కావున:

డిమాండ్ నం. 1: సదరు సారును తక్షణం ఆ బడికి పంపవలెను.

డిమాండ్ నం. 2: అక్కడ లక్ష్మవ్వ ఎదురుపడినప్పుడు చెప్పవలసిన జవాబును మరెవరిచేతనైనా రాయించి ఇవ్వవలెను. నాకు రాయరావడం లేదు.