సాంచెల ఊరిలో గుసగుస

12 ఫిబ్రవరి 1997, బుధవారం

జడ్జి గారు ఇవాళ నుదుట బూడిదతో కోర్టుకు వచ్చారు. పక్కనే కూర్చున్న నర్సింగం అది చూసి, గిన్నొద్దులు కిరస్తానం సారనుకున్నం గని ఈయిన శివభక్తుడే ఉన్నడు గదనే పౌలన్నా, అని నా చెవిలో అరిచాడు. తాను గుసగుసలాడానని అతని నమ్మకం. హాలంతా వెనక్కి తిరిగింది. జడ్జి గారికి తెలుగు రాకపోవడం వల్ల బతికిపోయాం.

అది భస్మ బుధవారం. రోమన్ కతోలికుల ఉపవాసాలకు మొదటిరోజు. మా బాప్టిస్టుల్లో ఈ బూడిద లేదు. మనిషి చివరికి ఏమవుతాడో మరిచిపోకుండా పెట్టుకుంటారట. భివండిలో ఉండేవాడికి ఆ సంగతి వేరే గుర్తు చేయాలా, ఎండాకాలం నల్లా లైనులో గంట నిలబడితే చాలు.

పేరు ఇగ్నేషియస్ తుస్కానో. వసై మనిషి. పెళ్ళి చేసుకోలేదు, తల్లి ఒక్కతే వసైలో ఉంటుంది. ఫైలు తెరిచే ముందు తల వంచి, ఎవరూ చూడటం లేదనుకుని, చప్పున శిలువ గుర్తు వేసుకుంటారు. నేను చూస్తాను. నాకు వేరే పనేముంది. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి నడిపి చెవులు పోగొట్టుకున్నాక ఈ కోర్టు బెంచీయే నా కొలువు. తెలుగువాళ్ళు సాక్ష్యం చెబితే మరాఠీలో తిప్పి చెబుతాను. వడాపావు చుట్టిచ్చిన పేపరు ముక్కల మీద నేర్చిన మరాఠీ అది. అందుకే ఈ రాష్ట్రంలో ఏ వార్తయినా నాకు సగమే తెలుసు.

అసలు సంగతి రాయనేలేదు. మా తోటి సాంచెల కూలీ భూపతి హత్య కేసు మన సారు దగ్గరికే వచ్చింది. ఈ ఊరి దాదా పైల్వాన్‌కి సాంచెల సేఠ్‌లు కట్టే హఫ్తా మా కూలి డబ్బుల్లోంచి ఎందుకు కోస్తారని అడిగినందుకు, పోయిన నెల భూపతిని గైబీ నగర్ షెడ్డులో, సాంచెలు నడుస్తుండగానే పొడిచి చంపారు. పొడిచినవాళ్ళు ఎవరో తెలియదని పోలీసులు రాసుకున్నారు. అక్కడే నూలు కండెలు చుడుతున్న అతని భార్య ఓదెమ్మకు తెలుసు. మిగతావాళ్ళకూ తెలుసు, ఆ సమయానికి అందరూ వేరే వైపు చూస్తున్నారట.

13 ఫిబ్రవరి

ఓదెమ్మను పేరు అడిగారు. చెప్పింది. వెంటిలేటర్లో పావురాలు లేచిపోయాయి. సారు ముందు అరుస్తావా అని బంట్రోతు కసిరాడు. జడ్జి గారు అతణ్ణి ఆపి, ఈమెకు కోపమెందుకు అని నన్ను అడిగారు. కోపం కాదు సాబ్, మేమంతా ఇంతే, సాంచెల మధ్య మాట్లాడి మాట్లాడి గొంతు అక్కడే ఆగిపోయింది, తగ్గించడం చేతకాదు అన్నాను. నేను చెప్పిందీ అదే గొంతుతో. ఆయన నవ్వాపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్నారు.

ఎవరు పొడిచారన్న ప్రశ్న దగ్గర మాత్రం ఓదెమ్మ నోరు పెగల్లేదు. వెనక బెంచీలో పైల్వాన్ మనుషులు వేరుసెనక్కాయలు ఒలుచుకుంటున్నారు. వచ్చే గురువారం తన గదిలో, తలుపు మూసి, ఒంటరిగా వాంగ్మూలం తీసుకుంటానన్నారు సారు.

14 ఫిబ్రవరి, శుక్రవారం

సాంచెలు బంద్. శుక్రవారం వారపు సెలవు, ఆ రోజు వస్తే మా టెంఘర్ బస్తీలో నాకు కాలు నిలవదు. చప్పుడు ఉన్నన్నాళ్ళూ నా చెవులు బాగున్నట్టే ఉంటుంది, అది ఆగిన రోజే చెవిటివాణ్ణని తెలుస్తుంది. రెండుసార్లు చాయ్‌కి వెళ్ళాను. రెండుసార్లూ తాగకుండా వచ్చాను. గా వాంగ్మూలం సార్ పని, నువ్వెందుకు పిల్లి లెక్క తిరుగుతున్నవయ్యా, అంది లీదియా. నా భార్యకు కతోలికులంటే పడదు. మరియమ్మ తల్లికి మొక్కేవాళ్ళు న్యాయం ఎట్ల చెప్తరు, అని ఆమె అనుమానం.

20 ఫిబ్రవరి

ఏం చేశాం మేము.

తలుపు మూశారు. గడియ పెట్టారు. లోపల నలుగురం: సారు, టైపు చేసే గుమాస్తా, ఓదెమ్మ, నేను. భయం లేదమ్మా, నెమ్మదిగా చెప్పు, గోడలు కూడా వినవు అన్నారు సారు. నేను తిప్పి చెప్పాను. ఓదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముందుకు వంగి, గుసగుసగా చెప్పింది. పైల్వానే పొడిచిండు సారు, ఇద్దరు రెక్కలు పట్టుకున్నరు, ఆయన పొడిచిండు, నేను కండె సుట్టుకుంటనే చూసిన. నేను కూడా గొంతు బాగా తగ్గించి మరాఠీలో చెప్పాను.

గుమాస్తా టైపు ఆపేశాడు. బయట వరండాలో ఎప్పుడూ ఉండే గోల లేదు. వకీళ్ళు, ముద్దాయిలు, చాయ్ వాడు, అందరూ చర్చిలో కూర్చున్నట్టు నిశ్శబ్దం. సారు లేచి తలుపు తీశారు. వరండా అంతా మమ్మల్నే చూస్తోంది. ఒకడు మెట్లు దిగి పరుగెత్తుతున్నాడు.

ఆమె తెలుగు అక్కడ ఇద్దరు ముగ్గురికి అర్థమై ఉంటుంది. నా మరాఠీ అందరికీ అర్థమైంది.

మిగతాది ఇంకో రోజు అని సారు కాగితం మూసేశారు. సగం వాంగ్మూలం. వేలిముద్ర పడలేదు.

21 ఫిబ్రవరి, శుక్రవారం

జడ్జి గారికి సర్కారు ఇచ్చిన కాపలా ఒక్క కాన్‌స్టేబుల్. పొద్దున ఆ కాన్‌స్టేబుల్ ఓదెమ్మ గది ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. పైవాళ్ళను అడిగితే ఇంకొకణ్ణి పంపడానికి నెల పడుతుందన్నారట. సారు తన మనిషినే పంపేశారు.

నేను ఉండబట్టలేక కోర్టుకు పోయి అడిగాను, మరి మీకు సాబ్ అని. పౌల్ కాకా, నా వంట తిని అతను చిక్కిపోయాడు, ఓదెమ్మ చేతి జొన్నరొట్టె తిననివ్వండి, అన్నారు. మళ్ళీ, మీ గొంతు సంగతి మీరు ముందే చెప్పారు, అయినా తలుపు మూస్తే చాలనుకున్నది నేను, అన్నారు. తల వంచి ఫైలు తెరిచారు. ఈసారి నేను వేరే వైపు చూశాను.

27 ఫిబ్రవరి

వాయిదా ఆరో తారీకుకు పడింది. సారు ఇవాళ కూడా నడిచే వచ్చారు, ఒంటరిగా. నడుస్తూ పెదవులు కదుపుతారు. జపం. సాంచెల మధ్య పెదవులు చూసి మాట పోల్చుకోవడం మాకు అలవాటే గానీ, ఆ భాష నాకు రాదు.

2 మార్చి, ఆదివారం

తుస్కానో గారిని కాల్చేశారు.

3 మార్చి

నిన్న చెయ్యి కదలలేదు.

ప్రతి ఆదివారం ఆయన వసైకి వెళతారు, తల్లితో కలిసి చర్చికి. భివండి రోడ్ స్టేషన్‌లో ఆగే బండ్లే తక్కువ, ఒకటి తప్పితే పూజ దాటిపోతుంది. అందుకని తెల్లారగానే ఆటో ఎక్కుతారు. ఇది ఊరందరికీ తెలుసు. జడ్జి అన్నవాడు ఊరికి తెలిసిన దారిలో పోకూడదని ఆయనకు ఎవరూ చెప్పలేదా. నేనెందుకు చెప్పలేదు.

ఆటో నడిపింది గాలయ్య, మా వాడకట్టు మనిషే. వెనక నుంచి మోటర్ సైకిల్ వచ్చి పక్కకు చేరితే సారు వాడి భుజం తట్టి, బండి ఆపు, నువ్వు దిగి పరుగెత్తు అన్నారట. ఎందుకు సాబ్ అని అడుగుదామనుకున్న, కాళ్ళు ముందే ఉరికినయే అన్నా, అంటాడు. నూరుసార్లు అదే మాట. ఉరికినయే అన్నా.

ఓదెమ్మ గది ముందు కాన్‌స్టేబుల్ అలాగే కూర్చున్నాడు. రొట్టె పెడితే తినలేదు.

లీదియా మధ్యాహ్నం నుంచి ఏడుస్తోంది. కతోలికుల కోసం ఏడవచ్చా అని అడగబోయి ఊరుకున్నాను.

11 మార్చి

కొత్త జడ్జి వచ్చాడు. చిన్నవాడు. ఓదెమ్మ వాంగ్మూలం మొదటి నుంచి మళ్ళీ తీసుకుంటాడట, ఇరవయ్యో తారీకు. సగం కాగితం చెల్లదట.

సాయంత్రం అంకుశం వచ్చాడు. మనవాడే, కరీంనగర్ వైపు. పైల్వాన్ దగ్గర తిరుగుతాడు. లీదియా చేతి చాయ్ తాగాడు, బాగుందన్నాడు, మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నయి బాపూ అని నన్ను అడిగాడు. పిల్లవాడికి పెద్దలంటే మర్యాద. పోతూ పోతూ చెప్పాడు. నిన్ను అబద్ధం చెప్పుమంట లేం బాపూ. ఆమె చెప్పేది ఆమె చెప్తది. కొత్త సారుకు తెలుగు రాదు. నువ్వు మాత్రం, కండెలు సుట్టుకుంటున్న, తల ఎత్తలే, ఏం చూడలే, అని తిప్పు. ఎవలకు తెలుస్తది.

నిజమే. ఎవరికి తెలుస్తుంది. ఓదెమ్మకు మరాఠీ రాదు.

14 మార్చి, శుక్రవారం

సాంచెలు బంద్. ఇంట్లో ఉండలేను, బయటికి పోలేను.

17 మార్చి

ఇంకో తెలుగువాణ్ణి చూసుకోమని కోర్టులో చెబుదామని పోయాను. ఎవరున్నారు, నర్సింగమా. అతనికి మరాఠీలో తిట్లే వచ్చు. చెప్పకుండా వచ్చేశాను. దారిలో ప్రతి మోటర్ సైకిల్‌కీ గోడ పక్కకు జరిగాను. చెవులు లేనివాడి భయం వేరు, బండి పక్కకు వచ్చేదాకా తెలియదు.

19 మార్చి

లీదియాతో చెప్పాను, అంకుశం అన్నదంతా. ఆమెకు ముందే తెలుసు. అతను గుమ్మం దగ్గర చెప్పింది వాడకట్టంతా విన్నదట. అతనూ సాంచెల మీద పెరిగినవాడే.

పెండ్లయినప్పటి సంది నువ్వు ఒక్క ముచ్చట గూడ ఉన్నదున్నట్టు చెప్పలేదు, పది కలిపే చెప్పినవు, ఇప్పుడు ఒకటి తగ్గించుడు నీకు పెద్ద పనా, అంది. నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు. గని గవన్నీ నీ ముచ్చట్లు, పెంచుకున్నవు, తెంపుకున్నవు. ఇది నీది కాదు. నీ నోట్ల ఉన్నా గది ఓదెమ్మ మాట, అంది. బియ్యం ఏరడానికి పోయింది.

రేపు ఆమె కూడా కోర్టుకు వస్తుందట.

20 మార్చి, సాయంత్రం

కొత్త జడ్జికి చెమటలు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తలుపు మూయమన్నాడు. బంట్రోతు గడియ మీద చెయ్యి వేశాడు.

ముయ్యకుర్రి, అంది ఓదెమ్మ.

ఏమంటోంది అని జడ్జి నన్ను అడిగాడు. నా మొదటి పరీక్ష అంత చిన్న మాటతో వస్తుందనుకోలేదు. మూయొద్దంటోంది సాబ్ అన్నాను. ఎందుకని అడిగాడు. పోయినసారి మూసిండ్రు, ఏమైంది, అంది. ఆ సారు నాకిచ్చిన పోలీసాయన గుమ్మంల నిలబడ్డడు, ఆయినకు గూడ ఇనబడాలె, అంది. ఆ కాన్‌స్టేబుల్‌ను ఓదెమ్మ గది దగ్గర్నుంచి వెనక్కి రమ్మని సోమవారమే ఆర్డరు వచ్చిందట. మామూలు బట్టల్లో వచ్చి నిలబడ్డాడు.

తలుపు తెరిచే ఉంచారు. వరండాలో జనం. అంకుశం కనిపించాడు, నన్ను చూసి మర్యాదగా తల ఊపాడు. పక్కన లీదియా.

ఓదెమ్మ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. సాంచెల మధ్య నిలబడి ఆ చివరి మనిషిని పిలిచినట్టు చెప్పింది. రెక్కలు పట్టుకున్న ఇద్దరి పేర్లు. పొడిచినవాడి పేరు. భూపతి కింద పడ్డాక కూడా అతని సాంచె నడుస్తూనే ఉందని, గుడ్డ నేస్తూనే ఉందని, తానే లేచి ఆపానని. పోయినసారి ఇది చెప్పలేదు.

ఆపింది. గది నా వైపు తిరిగింది.

ఒక్క మాట కలపలేదు. ఒక్క మాట తీయలేదు. నా జన్మలో మొదటిసారి. గొంతు కూడా తగ్గించలేదు.

ఓదెమ్మ వేలిముద్ర వేసింది. బొటనవేలి సిరా కొంగుకు తుడుచుకోకుండా, అలా పైకి పట్టుకునే ఇంటిదాకా నడిచింది.

28 మార్చి, గుడ్ ఫ్రైడే

సాంచెలు ఎలాగూ బంద్. పైల్వాన్‌ను మంగళవారం పట్టుకుపోయారు. అంకుశాన్ని పట్టుకోలేదు.

గల్లీలో మోటర్ సైకిల్ ఒకటి ఆగింది. ఊరంతా ఎంత నిశ్శబ్దమంటే, నాకు కూడా వినిపించింది.

తలుపు తెరిచే ఉంది. లీదియా మూయలేదు, నేనూ మూయలేదు.

చెయ్యి తనంతట తానే నుదుటికి పోయింది. తర్వాత గుండె. ఆ తర్వాత ఏ భుజం ముందో తెలియలేదు. తుస్కానో గారిని అడగాల్సింది.