కీర్తిశేషులు తర్వాత జాగా

అన్నా, ఖేడ్‌ల మన ప్రెస్సుకు కంప్యూటర్ వచ్చింది. నువ్వుంటే తిట్టుకుంటనే నేర్చుకునేటోనివి.

పెండ్లికార్డులల్ల మళ్ళమళ్ళ వచ్చే మాటలకు పొట్టి గుర్తులు కట్టిపెట్టిన. గుర్తు కొడితే పూరా మాట పడ్తది. గని దానెనక స్పేసు ఎన్నిసార్లు కొట్టినా మిషన్ మింగుతది, పక్క మాట వచ్చి అతుక్కుంటది. నువ్వైతే అచ్చక్షరాలు పేర్చుకుంట మాటమాటకు నడుమ జాగకు సీసపు ముక్క దోపి, వేలితోటి తడిమి చూసేటోనివి.

ఇయ్యాల నీ బిడ్డ సుజాత పెండ్లికార్డు చేస్తున్న. "కీర్తిశేషులు" గుర్తు కొట్టిన. అది పోయి నీ పేరుకు అతుక్కున్నది. నాకు కూసోబుద్ధి కాలే. లేసి, కంగ్టి బస్సు పోయేదాక గడపల నిలబడి, మళ్లొచ్చిన. గుర్తు ఎనక, నడుమ ఏం లేని రెండు బ్రాకెట్లు పెడితే జాగా వచ్చింది.

సుజాత నా ఎనక నిలబడి చూస్తున్నది.

"సరిపోయిందా బిడ్డా?"

"ఇంక జర జరుపు చిన్నాయనా."

జరిపిన. ఇంక జర అన్నది. మళ్ల జరిపిన. జరిపి జరిపి "కీర్తిశేషులు" మీది వరుసలనే ఉండిపోయింది, నీ పేరొక్కటే కింది వరుసకు దిగింది. చెడిపోయిందని నేను మళ్ల మీదికి తేబోయిన.

సుజాత నా చెయ్యి పట్టుకున్నది. "గట్లనే ఉండనియ్యి," అన్నది.