ఖాళీగా వదిలిన గుంత

చిరంజీవి సుకుమార్‌కు, నీ నాయన కుప్పయ్య దీవించి రాసేది.

దీవెన రాయడం పద్ధతి కాబట్టి రాశాను. నీ పెళ్ళినాడు తిరుచానూరు సత్రంలో మీ మామ నన్ను చూసి ఈయన ఏం పని చేస్తాడని అడిగితే, నేను పక్కనే నిలబడి ఉండగా మేస్త్రీ అన్నావు. నేను ఏనాడూ తాపీ పట్టలేదు. పూతలపట్టు చుట్టుపక్కల ఎవరు పోయినా గుంత తవ్వింది నేను. ఆ రోజు మీ అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది కాబట్టి నోరు మూసుకున్నాను. ఆ మాట ఇన్నేళ్ళుగా గొంతులో ముల్లు మాదిరి ఉంది.

ఇప్పుడు పల్లవిని యూనివర్సిటీ మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టావట. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. అందుకే రాస్తున్నాను. చించేదైతే చదివి చించు.

జరిగింది నీకు ఎవరో వంకరగా చెప్పారు. పాతకాలం మనుషులు ఎట్లా బతికారో మట్టి తవ్వి తెలుసుకునే చదువు కదా నీ కూతురిది. వాళ్ళ ప్రొఫెసరు బాలసుబ్రమణ్యం పల్లవితోపాటు ఆ పిల్లలందరినీ మన ఊరి గుట్ట కిందికి తీసుకొచ్చాడు. అక్కడ గుండ్రంగా పేర్చిన రాళ్ళు ఎప్పటివో సమాధులట. నేనూ చూడబోయాను. పొద్దుగూకేసరికి నడుము లోతు గుంత తీసి, పైన ఒక టార్పాలిన్ పట్ట కప్పి, అందరూ బస్సెక్కి పోయారు.

తెరిచిన గుంతను రాత్రికి ఖాళీగా వదిలితే అది ఇంకొకరిని అడుగుతుంది. మా నాయన నాకు నేర్పిన మొదటి మాట అది. ఇంటికి పోయి పార తెచ్చి, పట్ట తీసేసి, గుంత పూడ్చేశాను. పైన కంప కూడా వేశాను. ఊరికి మేలు చేశాననే అనుకున్నాను.

తెల్లారి ఆ ప్రొఫెసరు గుట్ట అదిరేట్టు అరిచాడు. ఎవడు చేశాడంటే నేనే అన్నాను. పోలీసులను పిలుస్తానన్నాడు. పిల్లలు నవ్వారు. ఒకడు ఫోన్‌లో తీస్తున్నాడు. నేను ఎవరో తెలియనట్టు పల్లవి ఊరుకున్నా సరిపోయేది, ఎవరూ దాన్ని అడగలేదు. అది ముందుకొచ్చింది.

"సార్, ఈయన మా తాత. మా ఊర్లో గుంతలు తవ్వేది ఈయనే. పూడ్సిన మట్టి నేనే తీస్తా, ఆయన్ని ఏమీ అనొద్దండి" అనింది.

నీ నోటినుంచి రాని మాట ఆడపిల్ల నోటినుంచి విన్నాను.

ప్రొఫెసరు సరేనన్నాక, ఆ పొద్దంతా ఇద్దరం ఆ మట్టి తీశాం. నేను పార ఎత్తితే చాలు, "మెల్లగా తాతా, ఆడ కుండ ఉండాది" అని కసురుకుంది. "మీ నాయన పుట్టక ముందునుంచీ తవ్వతా ఉండానే" అని నేనంటే, "ఒక్క కుండనైనా పగలకుండా తీసినావా?" అని ఎగతాళి చేసింది. సాయంత్రం పట్ట కప్పే ముందు, నేను అడగకుండానే, ఒక రాయి గుంతలో ఒక మూలకు పెట్టి, ఖాళీగా లేదులే తాతా, ఇంటికి పో అని పంపింది. రాయి పెడితే సరిపోతుందని నాకు ఎవరూ నేర్పలేదు. అయినా పార భుజాన వేసుకుని ఇంటికి పోయాను. ప్రొఫెసరు కూడా చూసి ఆ రాయి తీయించలేదు.

ఆ వీడియో మీ మామగారింటికి చేరిందట. మన పని నలుగురికీ తెలిసిపోయిందని నువ్వు దాని చదువుమీద కత్తి పెట్టావు. ఎముకలు ముట్టుకునే పిల్లను ఎవరు చేసుకుంటారని దానితో అన్నావట. అబద్ధం. నీకు సిగ్గు నావల్ల. నామీద సిగ్గుంటే నన్ను తిట్టు, దాన్నెందుకు కట్టేస్తావు?

సోమవారం తరగతికి పోకపోతే దాని సీటు పోతుందట. కాబట్టి విను. దాన్ని పంపకపోతే, రేపు నేను పోయినప్పుడు నువ్వు రావద్దు. నా మీద నీ చేతి మట్టి పడకూడదని ఓబయ్యకు చెప్పిపెట్టాను. నా తర్వాత ఈ ఊరి పార పట్టేది వాడే, నా మాట తప్పడు. ఆ పిడికెడు మట్టి పల్లవి వేస్తుంది.

పంపుతావా, పంపవా? శనివారం పొద్దుగూకే లోపల జవాబు రావాలి.

ఇట్లు,
గుంతలు తవ్వే కుప్పయ్య,
నీ నాయన