తహసీన్ తోటకు పోవడం గురించి

అల్ ఐన్, 2006 ఫిబ్రవరి

తమ్ముడు కరీముల్లాకు అక్క సలాములు. అల్లా మీ ఇంటిని చల్లగా చూడాలి.

ఫోన్‌లో నీ కోపం ముందు నా మాట సాగదని రాస్తున్నాను. నీ కూతురు తహసీన్ ఇక్కడ కాలేజీలో ఖర్జూరపు చెట్లను తొలిచే పురుగు మీద పరిశోధన చేస్తోంది కదా. వచ్చే నెల పిల్లలను తోటలకు తీసుకుపోతున్నారు. ప్రొఫెసర్ మన దేశం ఆయనే, కానీ మన పిల్ల పేరు తీసేశాడు. "మీ ముసల్మాన్ ఇళ్లల్లో ఆడపిల్లను మగకూలీల మధ్యకు పంపరులే. అడిగితే మీ నాన్న విమానమెక్కించి మీ ఊరికి తీసుకుపోతాడు" అని నవ్వాడట. అరబ్బు అమ్మాయిల ఇళ్లకు మాత్రం ఫోన్ చేసి అడిగాడట.

"పురుగు ఎట్టా తొలస్తాదో చూడకుండా ఏం రాసేది అత్తా?" అని పిల్ల అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

భయం నాకూ ఉంది. నమాజు చదివి దువా చేసినా అది పోలేదు. నలుగురూ ఏమంటారో తెలుసు. అయినా నేను వెంట పోతాను, చెట్ల నీడన తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుంటాను.

నువ్వు ఒప్పుకున్నానని ఆయనకు ఫోన్ చేసి చెప్పు. కాదనాలనిపిస్తే ముందు ఒక్కటి ఆలోచించు. నీ మొహం చూడకుండానే ఆయన నీ జవాబు చెప్పేశాడు. అది తప్పని చెప్పగలిగేది నువ్వొక్కడివే.

దువాలతో,
అక్క