పిట్ట ముట్టని బువ్వ

ఉదయ్, పప్పు కుక్కర్ల ఉన్నది, వేడి చేసుకొని తిను. తానం చేసి పన్నెండుకల్లా కేసముద్రం రా. ఇయ్యాల నీ దోస్తు భానుచందర్ దినాలు.

వాడు బండి మీదికెల్లి పడి సచ్చిపోయిండని ఆ రోజే నీ రూమ్ తలుపుకాడ నిలబడి చెప్పిన. హెడ్‌ఫోన్లు తియ్యకుంటనే "సరే అక్కా" అన్నవు. సావుకు రాకపోతే నిన్ను మస్తు తిట్టుకున్న. నిన్న బువ్వకు పిలిస్తే "జర ఆగక్కా, భానుగాడు ఆన్‌లైన్ ఆటల ఒక్కడే ఉన్నడు, ఇడిసిపెట్టి రాను" అన్నవు. అప్పుడు సమజైంది, నువ్వు నా మాటే ఇనలేదని.

వాని ఫోను, కంప్యూటరు వాడు సచ్చిన రోజే బీరువల పెట్టి తాళమేసిన్రట.

వాడు పోయిన మూడొద్దులకు వాని పేర పెట్టిన బువ్వ పిట్ట ముట్టలే. ఐదొద్దులకూ ముట్టలే. "నా కొడుకు ఎవలికోసమో చూస్తాండు" అని వాళ్లమ్మ కట్టమ్మ ఒక్కటే ఏడుపు. నువ్వు వాళ్ల గడప తొక్కక రెండేండ్లాయె. రోజూ ఆటల కలుస్తనే ఉన్నం కదా అంటవు. ఇయ్యాల నీ చేతులతోని పెట్టు, ముడ్తదేమో.

వినోదక్క

ఇంకొకటి. పొద్దుగాల నువ్వు పండుకున్నవు, టేబుల్ మీద హెడ్‌ఫోన్లల్ల ఎవలో మాట్లాడుతాన్రు. చెవికి పెట్టుకున్న. "ఉదయ్ వస్తాండా అక్కా?" అని అడిగిండు. వస్తడని చెప్పిన.