నీ మాత్ర, నీ కూతురి మాత్ర

ఒరే నాన్నా,

ఈ రోజు నీ కూతురిని ఇంజిన్ మీద నుంచి దించి, ఆఫీసులో కూర్చోబెట్టారు. కంగారుపడకు, తప్పేమీ చేయలేదు. దిగులుకు మందు వాడుతున్నానని రైల్వే డాక్టర్‌కి తనే చెప్పేసింది. నువ్వు డ్రైవరుగా ఉన్నన్నాళ్లూ చెప్పలేనిది ఆ ఒక్క ముక్కే.

నీ మాత్ర నాకు గుర్తుంది. నోరు పిడచగట్టేది, పట్టపగలే కళ్లు మూతలు పడేవి. మత్తుతో బండి నడపకూడదని నువ్వు మందు మానేశావు కానీ, బండి మానలేదు. వేరే మందు అడిగితే డ్యూటీ పోతుందని భయం. డ్యూటీ నిలిచింది. దిగులు నిన్నే తీసుకుపోయింది.

నీ కూతురికి మొదట ఇచ్చిన మాత్ర కడుపులో తిప్పేది, నిద్ర చెడగొట్టేది. డాక్టర్ మార్చాడు. ఇప్పటిది నిద్రతో పాటు ఆకలినీ తెచ్చింది. రాత్రికని వండిన అన్నం సాయంత్రానికే ఖాళీ.

"లావైపోనాను నాయనమ్మా. యూనిఫాం పట్టట్లేదు. మందు మానేత్తాను," అంది ఇంటికి రాగానే.

"మీ నాన్న చొక్కా ఆకరి దాకా సరిగ్గా పట్టిందే. ఏటి లాభం? గోల్‌బజార్లో దర్జీలు సచ్చిపోనారేటి?" అన్నాను.

ఏడ్చింది. ఏడుస్తూనే మాత్ర మింగి, పెందలాడే పడుకుంది.

మందు తెచ్చిన నిద్రేనని తెలుసు, చదువుకున్నదాన్నే. అయినా ఈ ఉత్తరం రాస్తూ వాక్యానికోసారి లేచి వెళ్లి, దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తున్నాను.

అమ్మ